తిన్నావా బిడ్డా?

కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకే క్షణంలో జరిగితే మన పెద్దలు దానిని కాకతాళీయమన్నారు. అటువంటి కలయికలలో దైవసంకేతాన్ని వెదకడం అవివేకమని చదువుకున్నవారు నవ్వుతారు. మేమూ నవ్వినవారమే.

గడచిన ఆషాఢమాసంలో ఒక సాయంకాలం మేడ్చల్‌లో శామీర్‌పేట బస్సు కోసం నిలిచి ఉన్నాము. మా కుడివైపున ఒక తల్లి, కళాశాల నుండి వచ్చిన కుమారుణ్ణి చూచి "తిన్నావా బిడ్డా?" అన్నది. ఎడమవైపున బురఖా ధరించిన మరొక తల్లి అదే క్షణంలో తన కుమారుణ్ణి "ఖానా ఖాయా బేటా?" అని అడిగింది. తల్లులిద్దరూ ఒకరినొకరు చూచుకొని నవ్వుకున్నారు. కుమారులిద్దరూ తల ఊపారు. తిరిగి అడిగినవాడు లేడు.

శామీర్‌పేటలో దిగేసరికి బోనాలు తరలి వెళుతున్నాయి. బోనమంటే భోజనమే. కుండలో అన్నం వండి, వేపమండలతో అలంకరించి, తలపై మోసుకొనిపోయి అమ్మవారికి సమర్పిస్తారు. లోకానికి అన్నం పెట్టే తల్లికి బిడ్డలు అన్నం పెట్టే పండుగ అది.

ఇల్లు చేరి, భోజనానికి కూర్చుండి 'బిస్మిల్లా' అన్నాము. ఆ వాక్యంలో పలికే రహ్మాన్, రహీమ్ అనే దైవనామాలకు, తల్లి గర్భమని అర్థమిచ్చే 'రహిమ్' అనే అరబ్బీ పదానికి ధాతువు ఒక్కటే. దైవకరుణకు, తల్లి కడుపుకు భాషలోనే చుట్టరికమున్నది. నిత్యం పలికే మాట ఆ రాత్రి మాకు కొత్తగా వినబడింది.

అమ్మీ వడ్డిస్తున్నది. ఆమె తిన్నదో లేదో ఇన్నేండ్లలో మేము ఒక్కనాడూ అడిగి ఎరుగము. ఆనాడు అడిగాము. "ముందు మీరంతా తినండి" అన్నది. గిన్నెలోకి చూస్తే అడుగున పిడికెడన్నమే మిగిలి ఉన్నది.

ఈ సంఘటనలన్నీ ఒకేనాడు జరగడం దైవసంకల్పమా, కాకతాళీయమా అన్నది తార్కికులు తేల్చుకొందురు గాక. మా అభిప్రాయం ఇంతే: ఒక కలయిక మనలను ఆశ్చర్యపరచి విడిచిపెడితే అది వినోదం, మరచిన కర్తవ్యం వైపు మళ్ళిస్తే అది ఆధ్యాత్మికం.

వేదికలెక్కి మాతృప్రేమను కీర్తించే విద్యార్థిమిత్రులారా! ఈనాడు ఇంటికి వెళ్ళినప్పుడు, ఆమె నోరు తెరవకముందే మీరు పలకరించండి. అమ్మా అనండి, అమ్మీ అనండి. తిన్నావా అని మాత్రం అడగండి. అడిగి ఊరుకోక, గిన్నెలోకి కూడా ఒకసారి చూడండి.