వాల్వు మార్చమన్నారు, మరి పెద్దాయనను అడిగారా?

మన సికింద్రాబాద్ సంఘాల్లో ఆదివారం చేతికందే ప్రార్థన విన్నపాల్లో ఈ మధ్య ఒక మాట తరచుగా కనబడుతోంది: గుండె వాల్వు ఆపరేషన్. రోగి వయసు డెబ్బై, డెబ్బై అయిదు, ఒక్కోసారి ఎనభై దాటి ఉంటుంది. విన్నపం రాసేది కొడుకో కోడలో. ఆపరేషన్ విజయవంతం కావాలని, డబ్బు సమకూడాలని ప్రార్థిస్తాము. అయితే చేయించాలా, ఏ రకం చేయించాలి, ఆ పెద్దాయన ఏమంటున్నారు అనే ప్రశ్నలు ఆ కాగితం మీద ఉండవు. నిజానికి ముందు అడగవలసినవి అవే.

వృద్ధాప్యంలో ఎక్కువగా దెబ్బతినేది గుండె నుండి శరీరమంతటికీ రక్తం వెళ్లే ద్వారం దగ్గరి వాల్వు. ఏళ్ల తరబడి సున్నం పేరుకుని అది గట్టిపడుతుంది, సరిగా తెరుచుకోదు. మెట్లెక్కితే ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం దాని గుర్తులు. "వయసు కదా" అని ఇంట్లో అందరూ సర్దుకుంటారు. ఎకో పరీక్ష చేయిస్తే సంగతి తెలుస్తుంది. మూసుకుపోతున్న ఆ వాల్వును తెరిచే మాత్ర ఏదీ లేదు. వ్యాధి ముదిరి లక్షణాలు కనబడిన తరువాత మందులతోనే నెట్టుకొస్తే రెండేళ్లలో సుమారు సగం మంది మరణిస్తారని వైద్యులు చెబుతారు. కాబట్టి వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే. దానికీ వెల ఉంటుంది.

మార్పిడికి దారులు రెండు. మొదటిది ఛాతీ తెరిచి చేసే శస్త్రచికిత్స. ఇందులో లోహపు వాల్వు పెట్టవచ్చు, లేదా పశువు, పంది కణజాలంతో చేసినది పెట్టవచ్చు. లోహపుది చాలాకాలం మన్నుతుంది గాని, రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి, ఐ.ఎన్.ఆర్. పరీక్ష క్రమంగా చేయించుకోవాలి, ఆకుకూరలు ఒక వారం ఎక్కువ ఒక వారం తక్కువ కాకుండా చూసుకోవాలి. తరచు జారిపడే వృద్ధులకు ఆ మాత్రతో రక్తస్రావం భయం ఉంటుంది. కణజాలపు వాల్వుకు సాధారణంగా ఆ మాత్ర జీవితాంతం అక్కరలేదు గాని, అది పది పదిహేనేళ్లకు అరగవచ్చు. పంది కణజాలమని సందేహించే విశ్వాసులకు పేతురు చూచిన దర్శనాన్ని గుర్తు చేస్తే చాలు.

రెండవది టావి. తొడ దగ్గరి రక్తనాళం గుండా గొట్టం పంపి, పాత వాల్వు లోపలే కొత్తది తెరుస్తారు. 2002లో ఫ్రాన్స్‌లో డాక్టర్ అలెన్ క్రిబియర్ దీనిని మొదటిసారి చేశారు. అన్నీ సవ్యంగా జరిగితే కొద్ది రోజుల్లో ఇంటికి రావచ్చు. ఛాతీ తెరిస్తే ఎముక అతుక్కోవడానికే ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. అలాగని టావి ప్రమాదం లేనిది కాదు. కొందరికి పక్షవాతం రావచ్చు, కొందరికి ఆ తరువాత పేస్‌మేకర్ అవసరమవుతుంది. అమెరికా వైద్య సంఘాల 2020 మార్గదర్శకాల ప్రకారం అరవై అయిదు లోపు వారికి శస్త్రచికిత్స, ఎనభై దాటిన వారికి టావి మేలు. ఈ రెండింటి నడుమ ఉన్నవారు వైద్యునితో కూర్చుని, తమ ఆరోగ్యాన్ని, కోరికను బట్టి ఏదో ఒకటి నిర్ణయించుకోవాలి.

ఇక డబ్బు సంగతి. టావి అంటే కార్పొరేటు ఆసుపత్రుల్లో పదిహేను లక్షలు, అంతకు మించిన లెక్కలు వినబడతాయి. అందులో పెద్ద భాగం వాల్వు ధరే. శస్త్రచికిత్సకు అందులో కొంత భాగమే అవుతుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసిన చిత్ర వాల్వును 1990లో మొదటిసారి ఒక రోగికి అమర్చారు. విదేశీ వాల్వుల ఖరీదు భరించలేని ఎందరికో అది ప్రాణం పోసింది. స్టెంట్లకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం గరిష్ఠ ధర నిర్ణయించినట్టే టావి వాల్వుల ధరనూ సామాన్యునికి అందుబాటులోకి తేవాలని మేము కోరుతున్నాము.

మన నగరంలో ఎవరికి ఏ ఆధారం ఉందో చూడండి. రైల్వే పెన్షనరుకు లాలాగూడ ఆసుపత్రి ఉంది. మాజీ సైనికునికి ఇ.సి.హెచ్.ఎస్. ఉంది. రేషన్ కార్డు ఉన్నవారికి ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. డెబ్బై నిండిన వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా అయిదు లక్షల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుందని 2024 అక్టోబరులో కేంద్రం ప్రారంభించింది. అయినా కార్డు ఉండడం వేరు, చికిత్స అందడం వేరు. బకాయిలు రాలేదని 2025లో నెట్‌వర్కు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపివేయడం మనం చూశాము. అందుచేత ఏ పద్ధతి ఏ పథకంలో ఉందో, చేతినుండి ఎంత పడుతుందో ఆరోగ్యమిత్రను ముందే అడిగి రాయించుకోండి. నిమ్స్‌లో రెండవ అభిప్రాయం తీసికోవడం డాక్టరును అవమానించడం కాదు.

ఈ ఆధారాలేవీ సరిగా అందనివారు ఒకరున్నారు. వారు మన సంఘాల్లోనే ఉన్నారు. నలభై ఏళ్లు సువార్త ప్రకటించి, పెన్షన్ లేక, బీమా లేక మిగిలిన స్వతంత్ర సేవకులు, బైబిలు స్త్రీలు. వారికి జబ్బు చేసినప్పుడు వాట్సాప్‌లో విన్నపం పెట్టి, ప్రత్యేక కానుక పట్టి సరిపెడుతున్నాము. దేవునికి అర్పించామన్న సాకుతో తల్లిదండ్రులను పోషించడం మానినవారిని యేసు ప్రభువు కొర్బాను విషయంలో ఎంత కఠినంగా గద్దించారో మార్కు సువార్త ఏడవ అధ్యాయంలో చదువుతాము. మందిరానికి గ్రానైటు పరిచి, ఆ మందిరంలో ముసలివారైన సేవకులను ఆసుపత్రి మెట్ల మీద వదిలితే ఆ గద్దింపు మనకూ వర్తిస్తుంది. ప్రతి సంఘం ఏటా బడ్జెట్టులోనే వృద్ధుల వైద్యనిధిని చేర్చాలి.

ప్రార్థిస్తే చాలు, ఆపరేషన్ అవిశ్వాసమని బోధించేవారికి ఒక మాట. హిజ్కియాకు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచిన ఘట్టంలోనే అంజూరపు పండ్ల ముద్ద కూడా ఉంది. ప్రార్థన, వైద్యం అక్కడ పోట్లాడుకోలేదు.

అలాగే, పిల్లలు అప్పు చేసైనా ఆపరేషన్ చేయించడమే ప్రేమకు రుజువని కూడా మేము అనలేము. గిలాదువాడైన బర్జిల్లయికి ఎనభై ఏళ్లు. తనతో యెరూషలేముకు రమ్మని, పోషిస్తానని దావీదు రాజు పిలిచాడు. ఆయన తన వయసు చెప్పి, తన ఊరిలో తల్లిదండ్రుల సమాధి దగ్గర చనిపోతానని వినయంగా కాదన్నాడు. రాజు బలవంతం చేయలేదు, ముద్దుపెట్టుకుని దీవించి పంపాడు. అన్నీ తెలిసికొని, ఆయాసానికి ఉపశమన వైద్యం చాలునని, ఇంట్లోనే ఉంటానని ఒక వృద్ధురాలు చెబితే అది విశ్వాసం లేకపోవడం కాదు. పిల్లలకు భారం అవుతానన్న భయంతో వద్దంటోందా, మనసారా వద్దంటోందా అన్నది మాత్రం పక్కన కూర్చుని, తొందరపెట్టకుండా వినాలి. భారమన్న భయమే కారణమైతే దానిని తొలగించడం కుటుంబం పని, సంఘం పని.

ఈ వారం మీ ఇంట్లోనో పక్క ఇంట్లోనో మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసికొంటున్న పెద్దవారు ఉంటే ఎకో చేయించండి. రిపోర్టు వచ్చాక కొడుకుల చేతికి కాదు, వారి చేతికే ఇవ్వండి. కళ్లజోడు పెట్టుకుని చదివి, వారు అడిగే ప్రశ్నలకు డాక్టరుగారు వారి వైపే చూస్తూ జవాబు చెప్పేలా చూడండి. ఆ తరువాత అందరం కలిసి ప్రార్థిద్దాం.