కల్పిత మృగం – నిజమైన కంచె
1993 నాటి ‘జురాసిక్ పార్క్’ చిత్రంలోని వెలాసిరాప్టర్లను చూచి జడుసుకొన్నవారు మన పాఠకులలో ఎందరో ఉందురు. అడవిలో పొంచి, 1997 నాటి రెండవ చిత్రంలో నిలువెత్తు గడ్డిలో మాటువేసిన ఆ మృగం చాలావరకు కల్పితమే. గోబీ ఎడారిలో 1923లో శిలాజరూపాన లభించిన అసలు జీవి ఇంచుమించు టర్కీకోడి అంతటిది. దానికి ఈకలుండెనని 2007లో ముంజేతి ఎముకపై గుర్తులు తెలిపినవి.

ఇంజనీరులమైన మమ్ము కలవరపరచినది మాత్రం ఆ చిత్రంలోని విద్యుత్ కంచె. వేరొక లోపాన్ని సరిదిద్దుటకై నిపుణులే మొత్తం వ్యవస్థను ఆపివేయగా, అంతవరకు పనిచేయుచున్న రాప్టర్ల కంచె కూడా నిర్జీవమైనది. షట్‌డౌన్ పర్మిట్‌పై సంతకం చేయుటకు ముందు మేము నేటికీ ప్రశ్నించుకొందుము: దీనితోపాటు ఇంకే రక్షణ ఆగిపోవును?