తొట్టి ఇస్తే చాలదు, కొనేవాడిని చూపించాలి

బందరులో అక్వేరియం దుకాణానికి వెళ్లి, గాజు తొట్టిలో తిరిగే గప్పీ, మోలీ, గోల్డ్‌ఫిష్ ఎక్కడి నుంచి వచ్చాయని అడగండి. ఎక్కువగా వినిపించే జవాబు చెన్నై కొళత్తూరు, లేదంటే కోల్‌కతా. చేపల చెరువులకు దేశమంతా పేరున్న మన ప్రాంతం రంగు చేపను మాత్రం బయటి నుంచి కొనుక్కుంటోంది.

ఇది మనకు చేతకాని పని కాదు. గోల్డ్‌ఫిష్, కోయి రెండూ మన శీలావతి, బొచ్చెల కుటుంబానివే. తల్లి చేపకు ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించడం, పిల్లను ఆక్సిజన్ కవర్లో కట్టి పంపడం గుడివాడ, నందివాడ, కైకలూరు వైపు ఏళ్లుగా తెలిసిన విద్యే. గప్పీ, మోలీలకు ఇంజెక్షన్ కూడా అక్కర్లేదు. అవి గుడ్లు కాదు, నేరుగా పిల్లలనే పెడతాయి. గప్పీ అయితే సుమారు నెలకోసారి పెడుతుంది. తల్లే పిల్లల్ని తినేస్తుంది కాబట్టి అవి దాక్కోవడానికి తొట్టిలో నాచు వేయాలి.

దివిసీమకు మరో అనుకూలత ఉంది. కాలువలు కట్టేశాక శివారు గ్రామాల్లో చాలా చోట్ల ఉప్పు నీరే దిక్కు. మోలీ కాస్త ఉప్పు నీటిని బాగానే తట్టుకుంటుంది. నాగాయలంక, కోడూరు వైపు ఆడవాళ్లు పెరట్లో నాలుగు సిమెంటు తొట్లతో చేసుకోగల పని ఇది. అయితే ఇది పక్క ఆదాయమే. వరికి గిట్టుబాటు ధర ఇవ్వకుండా తప్పించుకోవడానికి ప్రభుత్వం దీన్ని చూపిస్తే ఒప్పుకోం.

2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి యూనిట్ ఖర్చు 3 లక్షల రూపాయలుగా లెక్కగట్టారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం, మిగిలిన వారికి 40 శాతం సబ్సిడీ. అంటే మహిళ 1.20 లక్షలు, ఇతరులు 1.80 లక్షలు సొంతంగా పెట్టాలి. తొట్టికి ఇంత లెక్క ఉంది. అందులో పెరిగిన చేపను ఎవరు, ఏ ధరకు కొంటారన్న హామీ లేదు. ఊళ్లో పదిమందీ గప్పీలే పెంచితే ధర ఏమవుతుంది? రొయ్యకు కౌంటు ధర కొనేవాడే కట్టడం మనం చూస్తున్నదే. పైగా రంగు చేపను ఐసులో పెట్టి ఆపుకోలేం. అమ్ముడుపోయే దాకా రోజూ మేత వేయాల్సిందే.

కొళత్తూరు బలం తొట్లలో లేదు. దగ్గర దగ్గరగా ఎన్నో కుటుంబాలు రకరకాల చేపలు పెంచుతాయి, కొనేవాళ్లే వెతుక్కుంటూ వస్తారు. మనం తెచ్చుకోవాల్సింది ఆ పద్ధతి.

మన వైపు నుంచీ ఒక బాధ్యత ఉంది. మిగిలిపోయిన చేపను కాలువలో వదలకూడదు. అక్వేరియం కోసం దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన సక్కర్ చేప, మనవాళ్లు డెవిల్ ఫిష్ అంటున్నది, ఈరోజు కాలువల్లో, చెరువుల్లో చేరి వలలు చింపుతోంది. నీటి నమూనాను బట్టి దాని జాడ పట్టే పద్ధతిని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారు చేశారంటే బెడద ఎంతవరకు వచ్చిందో ఆలోచించండి.

అందుకే మన డిమాండ్లు ఇవి:

1. విడివిడిగా తొట్లు పంచడం కాదు, గ్రామాల వారీగా పెంపకందార్ల సంఘాలు కట్టాలి. గుడివాడలో వారానికోసారి రంగు చేపల సంత పెట్టాలి.

2. పోరంకి సిఫా కేంద్రం, ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రం ద్వారా రోగం లేని తల్లి చేపలు, శిక్షణ అందించాలి.

3. స్థలం కాగితాలు లేవని కౌలు రైతులను, భూమిలేని కుటుంబాలను తిప్పి పంపకూడదు.

4. ఆక్వా రైతులకు ప్రకటించిన యూనిట్ రూపాయిన్నర కరెంటు రాయితీ పెరటి యూనిట్లకూ ఇవ్వాలి.

వీటిపై గ్రామ కమిటీల్లో చర్చించండి. సభ్యులకు ఒక్క మాట: సబ్సిడీ ఉంది కదా అని తొందరపడవద్దు. కొనేవాడు ఖాయమయ్యాకే అప్పు చేయండి.