కెమేరా కాదు మావా, దాని కన్ను మార్చు

మా టీములో ఒకడున్నాడు, పేరెందుకులెండి. వాడికి ఈమధ్యే కూతురు పుట్టింది. పిల్ల పుట్టిన నాలుగో రోజున, స్టాండప్ కాల్ నడుస్తుండగానే నాకు పింగ్ కొట్టాడు. "మావా, కెమేరా మార్చేస్తున్నా. ఫుల్ ఫ్రేమ్. నో కాస్ట్ ఈఎమ్ఐ, పద్దెనిమిది నెలలు." వాడి దగ్గర 2018లో కొన్న డీఎస్సెల్లార్ ఒకటుంది. నిక్షేపంలా పనిచేస్తోంది. డబ్బాలో దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సు తప్ప ఇంకో లెన్సు మొహం అది ఇంతవరకూ చూళ్ళేదు. మరెందుకు మార్చడం అంటే, "ఇంట్లో తీస్తే గింజలు గింజలుగా వస్తోంది మావా, దీనికన్నా ఫోనే నయం" అన్నాడు.

ఆ ముక్క చదవగానే నాకు ఒళ్ళు మండింది. వాడి మీద కాదు, నా మీదే. ఎందుకంటే అక్షరం పొల్లు పోకుండా ఇదే పని నేను 2022లో చేశాను.

ఆ వేసవిలో తెనాలిలో మా అక్క పెళ్ళి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక. అప్పటికి రెండేళ్ళుగా మెళ్ళో కెమేరా వేలాడేసుకుని తిరుగుతున్న నేను, ఆ రాత్రి ఆరొందల పైచిలుకు ఫోటోలు తీశాను. తెల్లారి లాప్‌టాప్‌లో చూసుకుంటే జీలకర్ర-బెల్లం పెడుతున్న చేతులు పొగలా ఉన్నాయి. తాతయ్య అక్షింతలు వేస్తున్న ఫోటోలు పదకొండుంటే పదకొండింటిలోనూ ఆయన మొహం చెదిరిపోయింది. లెన్సు చివరిదాకా జూమ్ చేశాను కాబట్టి అపర్చరు ఎఫ్/5.6, ఐఎస్ఓ 6400, షట్టరు 1/15. ఇవన్నీ ఫోటో ప్రాపర్టీస్‌లో రాసే ఉన్నాయి. రోజూ ఆఫీసులో లాగులు చదివే వాణ్ణి, ఈ లాగు మాత్రం చదవలేదు. "కెమేరా పాతబడింది" అని తీర్పిచ్చేశాను.

దసరా సేల్‌లో కొత్త మిర్రర్‌లెస్ వచ్చింది. దాంతోపాటు ఓ బుల్లి కిట్ లెన్సు. ముద్దుగా ఉంది, జేబులో పడుతుంది. చివరిదాకా జూమ్ చేస్తే ఎఫ్/6.3. అంటే అరవై వేలు పోసి, పాతదానికన్నా చీకటి లెన్సు కొన్నానన్నమాట! ఆ దీపావళికి ఊరెళ్ళి, వరండాలో వాలుకుర్చీలో కూర్చున్న తాతయ్యని ట్యూబులైటు వెలుతురులో మళ్ళీ తీశాను. మళ్ళీ అదే గింజలు, అదే చెదురు. మరుసటి సంక్రాంతికి ఆయన లేరు. ఇవాళ తెనాలి ఇంట్లో గోడకున్న ఫోటో నేను తీసింది కాదు. పెళ్ళి ఫోటోగ్రాఫరు తీసిన గ్రూపు ఫోటోలోంచి కత్తిరించింది.

ఆ ఫోటోగ్రాఫరు వాడింది నికాన్ డీ750. 2014 మోడలు, నేను 'పాతబడింది' అని అవతల పారేసిన నా కెమేరా కన్నా పాతది. కాకపోతే దాని ముందు 85 ఎఫ్/1.8 లెన్సు, నెత్తిన సీలింగు వైపు తిప్పిన ఫ్లాషు ఉన్నాయి. అప్పుడే అడిగితే చెప్పేవాడు పాపం. తర్వాత ఆల్బమ్ తేవడానికి వెళ్ళినప్పుడు చెప్పాడు. "బాడీది ఏముంది తమ్ముడూ, వెలుతురు లోపలికి రావాలిగా" అని.

సరే, లెక్కలేసుకుందాం. లెక్కలంటే మనకి భయమా?

లెన్సులోంచి లోపలికొచ్చే వెలుతురు ఎఫ్ నంబరు వర్గానికి విలోమంగా ఉంటుంది. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే సుమారు 9.7. అంటే ఎఫ్/5.6 నుంచి ఎఫ్/1.8కి వెళితే దాదాపు పది రెట్ల వెలుతురు. అదే షట్టరు స్పీడుకి ఐఎస్ఓ 6400 కాస్తా 640 చుట్టుపక్కలకి దిగుతుంది. ఇప్పుడు సెన్సార్ సంగతి చూడండి. మామూలు ఏపీఎస్-సీ సెన్సార్ కన్నా ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం రెండుంబావు రెట్లు, కానన్ వాళ్ళ లెక్కలో రెండున్నర. మా వాడు కొనబోయే కిట్‌లో లెన్సేమో 24-50, చివర్లో ఎఫ్/6.3. లెన్సు దగ్గర పోగొట్టుకున్నది తీసేస్తే వాడికి మిగిలే లాభం అటూఇటుగా రెట్టింపు. లక్షన్నర పోస్తే రెండు రెట్లు, పది పదిహేను వేల లెన్సు పెడితే పది రెట్లు. ఇంకా ఈఎమ్ఐ ఫారమ్ నింపుతాడట.

ఇది ఏ ఒక్క కంపెనీ చేసే పనీ కాదు. నికాన్ జెడ్ డీఎక్స్ 16-50 ఎఫ్/3.5-6.3, కానన్ 2022లో తెచ్చిన ఆర్ఎఫ్-ఎస్ 18-45 ఎఫ్/4.5-6.3, 2023లో తెచ్చిన ఆర్ఎఫ్ 24-50 ఎఫ్/4.5-6.3, అన్నీ ఇదే బాపతు. చిన్నగా, తేలిగ్గా ఉండాలి కాబట్టి అలా చేస్తారు. పగలు ఆరుబయట అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ఏమాటకామాటే చెప్పుకోవాలి. కానీ మన ఫోటోలు ఎక్కడ తీస్తాం? రాత్రి ముహూర్తాల్లో, ఫంక్షన్ హాళ్ళలో, టూ బీహెచ్‌కే హాల్లో ఒక్క ట్యూబులైటు కింద. "ఫోనే నయం" అని మావాడు అన్నదాంట్లోనూ కిటుకు ఇదే. ఫోన్ల మెయిన్ కెమేరా లెన్సులు చాలావరకు ఎఫ్/1.8 చుట్టుపక్కలే ఉంటాయి. పైగా నాలుగైదు ఫ్రేములు కలిపి ఒకటి చేస్తుంది. దాన్ని మనం ఎఫ్/6.3తో ఓడించాలంటే ఎట్లా?

క్వెరీ స్లోగా ఉందని ఎవడైనా పెద్ద సర్వర్ కొందామంటే కోడ్ రివ్యూలో మనం వాణ్ణి బతకనిస్తామా? ముందు ఇండెక్స్ ఉందో లేదో చూడమంటాం. సొంత జేబులోంచి కొనేటప్పుడు మాత్రం ఆ బుర్రని ఆఫీసు లాకర్లో పెట్టి వస్తాం.

ఏ లెన్సు అంటారా? అందరూ 50 ఎఫ్/1.8 అంటారు, మంచిదే. కానీ ఏపీఎస్-సీ కెమేరా మీద అది 75-80 లా పనిచేస్తుంది. అద్దె ఫ్లాటులో పిల్లని ఉయ్యాలతో సహా పట్టించాలంటే గోడకి వీపు తగిలేదాకా వెనక్కి నడవాలి. ఇంట్లోకి 35 నయం. నికాన్ వాళ్ళ 35 ఎఫ్/1.8 డీఎక్స్ 2009 నుంచీ ఉంది, సెకండ్‌హ్యాండులో దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త. డీ3500, డీ5600 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్సు చవగ్గా వస్తోందని కొన్నారో, చేత్తో తిప్పుకుంటూ కూర్చోవాలి.

ఇక ఫ్లాషు. దీనికి మనవాళ్ళలో ఉన్నంత చెడ్డపేరు దేనికీ లేదు. కారణం కెమేరా నెత్తిన టపుక్కున లేచే ఆ బుల్లి ఫ్లాషు. చిన్న కెమేరాల్లో దాని గైడ్ నంబరు ఐఎస్ఓ 100 దగ్గర మీటర్లలో 7 నుంచి 12 దాకా ఉంటుంది. ఆ నంబరుని ఎఫ్ నంబరుతో భాగిస్తే అది ఎంత దూరం చేరుతుందో వస్తుంది. పన్నెండుని 5.6తో భాగిస్తే రెండు మీటర్లు. ఐఎస్ఓ పెంచితే ఇంకొంచెం. అదీ సూటిగా మొహం మీద కొడుతుంది కాబట్టి నుదురు నూనె రాసినట్టూ, వెనక గోడ మీద దెయ్యం నీడా.

విడిగా కొనే ఫ్లాషు తల తిరుగుతుంది. దాన్ని తెల్ల సీలింగు వైపు తిప్పితే సీలింగు మొత్తం ఒక పెద్ద దీపమైపోతుంది. వెలుతురు పైనుంచి మెత్తగా దిగుతుంది. పైగా ఫ్లాషు వెలిగేది సెకనులో వెయ్యోవంతు, ఇంకా తక్కువ. తలంబ్రాలు గాల్లో ఆగిపోతాయి, చెయ్యి వణికినా తెలీదు. గ్రూపు ఫోటోకి ఎఫ్/1.8 పనికిరాదు. ముందు వరసలో అత్తయ్య స్పష్టంగా ఉంటే వెనక వరసలో మావయ్య మసకబారతాడు. అక్కడ ఎఫ్/5.6 పెట్టాల్సిందే, కాబట్టి ఫ్లాషు కావాల్సిందే. ఒకటి గుర్తుంచుకోండి, ఎర్ర షామియానా కింద బౌన్స్ చేస్తే పెళ్ళికొడుకు టమాటోలా వస్తాడు. నేను చేశాను.

మాన్యువల్ ఫ్లాషు ఏడెనిమిది వేలల్లో వస్తుంది, మామూలు హాట్ షూ ఉన్న ఏ కెమేరాకైనా పట్టేస్తుంది. 'మామూలు' అని ఎందుకంటున్నానంటే, కానన్ 2019లో తెచ్చిన 200డీ మార్క్ 2లో హాట్ షూ మధ్యలో ఉండాల్సిన పిన్నే తీసేశారు. ఒంటి పిన్ను ఫ్లాషులు దాని మీద వెలగవు. అంటే కొత్త బాడీ కొని ఉన్న ఫ్లాషుని కూడా పోగొట్టుకోవచ్చు!

"డీఎస్సెల్లార్లు అయిపోయాయి కదా, ఇప్పుడు వాటికి లెన్సు కొంటే దండగ" అని ఇంకో వాదన. నిజమే, కానన్, నికాన్ రెండూ 2018లోనే ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌లోకి దిగిపోయాయి. కానీ 1987లో మొదలైన కానన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టరు వేస్తే ఇవాళ్టి ఆర్ సిరీస్ బాడీల మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తాయి. నికాన్‌లో మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులు కూడా ఎఫ్‌టీజెడ్‌తో అంతే. ఇవాళ కొన్న లెన్సు రేపటి బాడీకి వస్తుంది. ఇవాళ కొన్న బాడీ రేపు ఓఎల్ఎక్స్‌కి వెళుతుంది.

బాడీ ఎప్పుడూ మార్చకూడదని కాదు. ఎగిరే పక్షుల్ని తీసేవాళ్ళకీ, వీడియో తీసేవాళ్ళకీ కొత్త ఆటోఫోకస్ వేరే లోకమే. నా మిర్రర్‌లెస్ కూడా కంటిని వెతికి పట్టుకుంటుంది, అది నాకు నచ్చింది. కానీ చెదిరిన కంటిని పట్టుకుని ఏం చేసుకోను?

మావాడితో మూడు రోజులు పోట్లాడాను. వాడు వినలేదు, వినడు కూడా. చివరికి కార్ట్‌లోది కార్ట్‌లోనే ఉంచమని చెప్పి, నా ఫ్లాషు వాడి పాత కెమేరా మీద పెట్టి, కోఠిలో సెకండ్‌హ్యాండ్ 35 ఒకటి నేనే దగ్గరుండి కొనిపించాను. మొన్న ఆదివారం బారసాల. వాళ్ళ నాయనమ్మ పిల్ల చెవిలో పేరు చెబుతున్న ఫోటో రాత్రి పదింటికి పంపాడు. ముసలావిడ చెవి కమ్మ రాయి కూడా లెక్కపెట్టొచ్చు. కింద ఒక్క లైను రాశాడు, "ఫ్లాషు ఇంకో వారం ఉంచుకుంటా మావా" అని.

ఈఎమ్ఐ ఊసెత్తలేదు. ఫ్లాషూ ఇంకా ఇవ్వలేదు.