పారేసే ముందు... ఒక పెన్‌డ్రైవ్!

అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న కంప్యూటర్. వాడు చదువు ముగించి బెంగళూరు వెళ్లిపోయాడు. అది మాత్రం హాల్లో ఓ మూల అలాగే ఉండిపోయింది. నాన్నగారు కరెంటు బిల్లు కట్టడానికి, అమ్మ పెళ్లి ఫొటోలు చూసుకోవడానికి, చెల్లెలు రికార్డు టైపు చేసుకోవడానికి పనికొస్తూనే ఉంది. కాకపోతే స్విచ్ వేశాక కాఫీ తాగి రావచ్చు! ఈమధ్య తెరమీద ఓ సందేశం కూడా కనిపిస్తోంది... ఇక విండోస్ 10కు భద్రతా అప్‌డేట్లు రావని. రిపేరు షాపులో అడిగితే ఒకటే మాట. 'దీన్ని ఇచ్చేసి కొత్తది తీసుకోండి సార్.'

ఇలాంటి కంప్యూటర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడుకునేవారికి ఇచ్చిన అదనపు గడువు 2026 అక్టోబరు దాకానే. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి. 2017కు ముందు కొన్నవి చాలావరకు ఇక్కడే ఫెయిలవుతాయి. మదర్‌బోర్డు బాగుంది, హార్డ్‌డిస్క్ బాగుంది, కీబోర్డు మీద అక్షరాలు కాస్త అరిగాయంతే. అయినా పాత సామాన్లవాడికి వేసేయాల్సిందేనా?

అక్కర్లేదు. లినక్స్ ఉంది. ఈ మాట వినగానే 'అది ఇంజినీర్లకు, మనకెందుకు' అని పక్కకు జరిగేవాళ్లే ఎక్కువ. నిజానికి ఆండ్రాయిడ్ ఫోను వాడుతున్న ప్రతివాళ్ల జేబులో ఉన్నది లినక్స్ కెర్నెలే. కేరళలో సర్కారు బడి పిల్లలు ఏళ్ల తరబడి లినక్స్ మీదే కంప్యూటర్ పాఠాలు నేర్చుకుంటున్నారు. వాళ్లకు వచ్చింది పెద్దవాళ్లకు రాదా?

ఇంతకీ ఏమిటిది? ఫిన్లాండ్‌లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల వయసులో, 1991లో, తన సొంత పీసీ కోసం సరదాగా మొదలుపెట్టిన పని. అంతకు ముందే, 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లు దానికి తోడయ్యాయి. రెండూ కలిస్తే పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్. దాని ప్రోగ్రామును ఎవరైనా చూడొచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచొచ్చు. ఆవకాయ పాళ్లు దాచుకోకుండా వీధంతా చెప్పేసినట్టన్నమాట! ఇక ఒకరు వెల్లుల్లి వేస్తారు, ఒకరు శనగలు వేస్తారు, మరొకరు కారం తగ్గిస్తారు. ఉబుంటు, ఫెడోరా, డెబియన్, మింట్... లినక్స్‌లో ఇన్ని పేర్లు అందుకే. డబ్బు కట్టక్కర్లేదు.

ఏది మంచిదని నలుగురిని అడిగితే నాలుగు పేర్లు చెబుతారు. ఆ వాదన తెగేది కాదు. విండోస్‌కు అలవాటుపడ్డ ఇంటికైతే లినక్స్ మింట్‌తో మొదలుపెట్టడం తేలిక. కింద ఎడమవైపు మెనూ, కుడివైపు గడియారం, అన్నీ అలవాటైన చోటే ఉంటాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. 2 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం దించుకోవాలి.

అసలు సంగతి ఇక్కడుంది. లినక్స్ ఎలా ఉంటుందో చూడటానికి దాన్ని కంప్యూటర్లో ఎక్కించక్కర్లేదు. ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు, 8 జీబీది. మింట్ వెబ్‌సైట్ నుంచి ఐఎస్‌వో ఫైలు దించుకోవాలి. మూడు జీబీల దాకా ఉంటుంది. దాన్ని మామూలుగా కాపీ చేసి పేస్టు చేస్తే పనిచేయదు... చాలామంది మొదటి రోజే విసుగెత్తి మానేసేది ఇక్కడే. రూఫస్ అనో, ఎచర్ అనో ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాముతో పెన్‌డ్రైవ్‌లోకి రాయించాలి. అప్పటికి అందులో ఉన్న సినిమాలు, పాటలు అన్నీ పోతాయి. ముందే తీసి పెట్టుకోవాలి.

తర్వాత కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట నొక్కాలి. డెల్, లెనోవో వాటిలో సాధారణంగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి, ఆపై ఎఫ్9. జాబితాలో పెన్‌డ్రైవ్ ఎంచుకుంటే కాసేపటికి కొత్త తెర ప్రత్యక్షమవుతుంది. అంతా నడుస్తున్నది పెన్‌డ్రైవ్ నుంచే. హార్డ్‌డిస్క్ జోలికి అది తనంతట తాను వెళ్లదు. ఫైర్‌ఫాక్స్ తెరిచి వార్తలు చదవొచ్చు, పాట పెట్టి చూడొచ్చు. వైఫై అందుతోందా, స్పీకర్లు మోగుతున్నాయా, ప్రింటర్ పలుకుతోందా అన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో వైఫై మొరాయిస్తుంది. అలాంటప్పుడు కేబుల్‌తో నెట్ ఇచ్చి, డ్రైవర్ మేనేజర్‌లో వెతికితే తరచూ దారి దొరుకుతుంది. వేగం గురించి మాత్రం అప్పుడే తీర్పు చెప్పకూడదు. పెన్‌డ్రైవ్ నుంచి కాబట్టి నెమ్మదిగానే ఉంటుంది. నచ్చలేదా? కంప్యూటర్ ఆపి, పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ పాతగానే ఉంటుంది.

నచ్చితే ఎక్కించుకోవడమే. ఆ తెర మీదే 'ఇన్‌స్టాల్' గుర్తు ఉంటుంది. కొత్తవాళ్లు నల్ల తెర మీద కమాండ్లు కొట్టాలేమోనని భయపడతారు. ఆ భయం అనవసరం. భయపడాల్సింది మరొకదానికి. దారిలో 'ఎరేజ్ డిస్క్' అన్న మాట ఒకటి వస్తుంది.

మన ఇళ్లలో ఓ నమ్మకం ఉంది. ముఖ్యమైనవన్నీ డీ డ్రైవ్‌లో వేస్తే భద్రమని. షాపువాడు విండోస్ మళ్లీ వేసేటప్పుడు సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తాడు కాబట్టి ఇన్నాళ్లూ అది నిజమే అయింది. ఇక్కడ కాదు! సీ, డీ అని పేర్లు వేరైనా చాలా ఇళ్లలో అవి ఒకే డిస్కులో రెండు అరలు. 'ఎరేజ్ డిస్క్' అంటే బీరువా మొత్తం ఖాళీ చేయమని. అమ్మాయి పెళ్లి ఫొటోలు, తాతయ్య షష్టిపూర్తి వీడియో... అన్నీ ఒక్క నొక్కుతో వెళ్లిపోతాయి. తిరిగి రాబట్టుకోవడం షాపువాళ్లకూ కష్టమే. కాబట్టి ఇన్‌స్టాల్ గుర్తు ముట్టుకునే ముందే వాటన్నిటినీ బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేయాలి. కాపీ చేసి ఊరుకోకుండా, దాన్ని ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫొటోలు తెరిచి చూడాలి. ఈ ఒక్క పనికి ఓ ఆదివారం మొత్తం పోయినా ఫర్వాలేదు.

విండోస్ కూడా ఉండాలనుకుంటే 'అలాంగ్‌సైడ్' అన్న దారి ఎంచుకోవాలి. అప్పుడు ఆన్ చేసినప్పుడల్లా ఏది కావాలో కంప్యూటరే అడుగుతుంది. ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్ తాళం ఉందేమో ముందే చూసి, దాని రికవరీ కీ కాగితం మీద రాసుకోవడం మంచిది. రెండూ ఉంచుకున్నా కాపీ మాత్రం తప్పనిసరే.

ఇక లినక్స్‌లో కుదరనివి. దాచడం ఎందుకు? అను ఫాంట్లు, పేజ్‌మేకర్‌తో పెళ్లిపత్రికలు చేసే ఇల్లయితే విండోస్ వదులుకోకూడదు. ట్యాలీలో లెక్కలు రాసేవాళ్లూ అంతే. ఫొటోషాప్ కూడా నేరుగా నడవదు. వైన్ అనే ప్రోగ్రాముతో కొన్ని విండోస్ సాఫ్ట్‌వేర్లు నడుస్తాయి గానీ దాని మీద బతుకుతెరువు పెట్టుకోలేం. ఉత్తరాలు, లెక్కల పట్టికలు అయితే లిబ్రే ఆఫీస్‌లో తెరుచుకుంటాయి, టేబుళ్లు ఎక్కువున్న ఫైళ్లలో వరసలు కాస్త అటూఇటూ జరగొచ్చు. కొత్త ప్రోగ్రాము కావాలంటే నెట్‌లో వెతికి ఈఎక్స్‌ఈ ఫైళ్లు దించే అలవాటు మానుకోవాలి. ఫోనులో ప్లేస్టోర్‌లా ఇక్కడ సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఉంటుంది.

తెలుగు సంగతంటారా? యూనికోడ్ తెలుగు బాగానే కనిపిస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వచ్చినవాళ్లకు అది సిద్ధంగా ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో 'అమ్మ' అని కొట్టి తెలుగు రప్పించాలంటే ఇన్‌పుట్ మెథడ్ సెట్టింగుల్లోంచి ఐబస్‌ను, దానితోపాటు ఎం17ఎన్‌ను చేర్చుకోవాలి. అందులో ఆర్‌టీఎస్ కూడా ఉంది. నెట్‌లో తెలుగు అక్షరం దొరకని 1990ల రోజుల్లో, తెలుగువాళ్లే తయారుచేసుకున్న పద్ధతి అది.

మొదటి నెల రెండూ ఉంచుకోవడం మేలు. లినక్స్ వదిలి విండోస్‌లోకి వెళ్లాల్సి వచ్చిన ప్రతిసారీ గోడ మీద క్యాలెండర్‌లో ఆ తేదీ కింద ఓ గీత పెట్టుకోవాలి, పక్కనే ఏ పనికో కూడా. నెలాఖరుకు ఆ గీతలు లెక్కపెడితే కొత్త కంప్యూటర్ కొనాలో వద్దో నాన్నగారే చెప్పేస్తారు.