పిల్లల ఆటకు కాస్త జాగా ఉంచండి

నాలుగు చినుకులు పడితే రైతు మబ్బు వైపు చూస్తాడు. పసివాడు వాకిట్లో నిలిచిన నీళ్ళ వైపు చూస్తాడు. పాత కాగితం మడిచి పడవ చేసి ఇస్తే చాలు, వాడి సంతోషానికి హద్దు ఉండదు. వాన అపురూపమైన మన ప్రాంతంలో ఆ నీటి గుంటే పిల్లలకు పండుగ.

పసిపిల్లల సంతోషానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. పాత సైకిలు టైరు, దాన్ని దొర్లించడానికి ఒక కట్టె ఉంటే పూటంతా గడిచిపోతుంది. జొన్నదంటు బెండుతో ఎద్దులబండి తయారవుతుంది. పిడికెడు చింతపిక్కలుంటే వామనగుంతలు ఆడుతూ లెక్కలు కూడా నేర్చుకుంటారు. గంతులేసే మేకపిల్ల వెంట పరుగెత్తడం కంటె వారికి వేరే వినోదం ఏముంది?

రాత్రి పూట దీపం ముందు చేతివేళ్ళు కలిపి గోడ మీద జింక నీడ చూపితే పిల్లలు కేరింతలు కొడతారు. ఇలాంటి నీడల వేడుకనే తోలుబొమ్మలతో తెర మీద చూపించే కళాకారులు మన ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటలో ఉన్నారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మన పిల్లల్లో ఎందరు ఆ బొమ్మలాట చూశారు?

ఇప్పుడు ఏడుపు మానిపించడానికి సెల్‌ఫోన్ చేతికిస్తున్నాం. 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకు రోజుకు గంటకు మించి తెర చూపరాదని, కనీసం 3 గంటలు ఆటపాటల్లో ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పొద్దంతా కూలి చేసి వచ్చినవారికి పిల్లలతో ఆడే ఓపిక ఎక్కడిదని అడగవచ్చు. నిజమే. అవ్వాతాతలున్న ఇంట్లో ఆ కొరత తీరుతుంది. లేనిచోట పడుకునే ముందు పావుగంట కబుర్లు చెప్పినా పిల్లలకు అది పెద్ద కానుకే.

అయితే ఇంట్లో ఓపిక ఒక్కటే చాలదు. ఊళ్ళో జాగా కావాలి. ఒకప్పుడు సుగ్గి ముగియగానే కళ్ళాలు పిల్లల ఆటస్థలాలయ్యేవి. ఇప్పుడు చాలా ఊళ్ళలో కళ్ళాల చోట ఇళ్ళు లేచాయి. మిగిలిన చోట ముళ్ళకంపలు, చెత్తకుప్పలు. వీధిలో ఆడుకోమందామంటే మోటారు సైకిళ్ళ భయం. 2022లో పుట్టపర్తి జిల్లా కేంద్రమైంది. దానికి ఇంత దగ్గరున్న కొత్తచెరువులో రేపు ఖాళీ జాగా కావాలన్నా దొరకకపోవచ్చు.

ఆట పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల ఒడంబడిక గుర్తించింది. మన దేశం 1992లో దానికి సమ్మతించింది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. బడి ఈడు రాని పసివారి సంగతి ఊరే చూసుకోవాలి.

పంచాయతీ పెద్దలు గ్రామసభలో తీర్మానించి, పేటకు నాలుగైదు సెంట్ల జాగా అయినా పిల్లలకని కేటాయించాలి. పాడుబావులకు, నీటి కుంటలకు దూరంగా, పెద్దల కంటికి కనిపించే చోట అది ఉండాలి. ముళ్ళకంప తీయించి, రెండు బండ్ల ఇసుక పోయించి, వేపకొమ్మకు ఒక తాడు ఉయ్యాల కడితే పని అయిపోతుంది. రోడ్లకు, కాలువలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎంత? గుడికి, బడికి జాగా ఇచ్చిన ఊరు పసిపిల్లల ఆటకు కూడా కాస్త జాగా ఇవ్వాలి. పెద్దలు ఆలోచించాలి.