మసాలా పక్కన పెట్టండి
హంగేరీ వాళ్ల పొర్కొల్ట్ అనే మాంసం కూర మన నల్లచెరువు ఊళ్లో పొయ్యి మీద నిక్షేపంగా వండుకోవచ్చు. వాళ్లు గొడ్డుమాంసంతో చేస్తారు, గొర్రెమాంసంతోనూ చేస్తారు. మనకు పొట్టేలు మాంసం చాలు. ఎర్రగడ్డలు మాత్రం మాంసంలో సగం తూకమైనా పడాలి. కొవ్వులో అవి మెత్తబడి బంగారు రంగుకు తిరిగాక గిన్నె దించి, అప్పుడే పాప్రికా అనే వాళ్ల మిరప కారం కలపాలి. మంట మీద వేస్తే ఆ పొడిలోని చక్కెర మాడి కూరంతా చేదెక్కుతుంది. పాప్రికా దొరక్కపోతే, రంగెక్కువ, ఘాటు తక్కువ ఉండే బ్యాడిగి కారం వేయండి. ఆపైన మాంసం, ఉప్పు, కాసిన్ని నీళ్లు, సన్నసెగ. అంతే. ధనియాలు, లవంగాలు, చెక్క లేనిదే మాంసం వండలేమన్న పట్టుదల మన నాలుకకు అసలు మాంసం రుచినే దూరం చేసింది. మిరప ఇక్కడికైనా, హంగేరీకైనా అమెరికా ఖండం నుంచి వచ్చిందే; దాన్నొక్కదాన్నే నమ్మి వండటం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ఈ ఆదివారం వండి, వేడివేడి రాగిసంగటితో తినండి.